తాగని వారికీ కాలేయంలో కొవ్వు



మునగాల దగ్గరి పల్లె నుంచి యాభై ఏళ్ళ సంఘపెద్ద ఒకరు మా ఓపీకి వచ్చారు. అంతకు ఆరు నెలల ముందే కడుపునొప్పికి తీయించిన స్కానింగులో ‘ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. ఆ కాగితాన్ని బీరువాలో బట్టల కింద దాచి, ఇంట్లో తెలియకుండా పసరు మందు తాగారు. “నేను చుక్క ముట్టను సిస్టరమ్మా. లివర్ జబ్బంటే మందిరంలో ఏమనుకుంటారు?” అన్నారు. తప్పు మాలోనూ ఉంది. కాగితం చూడగానే మా వాళ్ళు అడిగిన మొదటి మాట “ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?” అనే. అందుకు ఆయనను క్షమించమని అడిగాము.

ఎందుకు వస్తుంది?

మద్యం తాగనివారికీ ఈ జబ్బు వస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు, బి.పి., రక్తంలో కొవ్వు దీనికి తోడు. అందుకే 2023లో వైద్యులు దీని పేరునే మార్చి, జీవక్రియ లోపాలతో వచ్చే కాలేయ జబ్బు అన్నారు. 2021లో మన కేంద్ర ప్రభుత్వం దీనిని షుగరు, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు 2025లో వెల్లడైంది. అది పట్నం జబ్బు అనుకోకండి. సాగర్ ఎడమ కాలువ కింద మనకు వరి పండుతుంది, మూడు పూటలా అన్నమే. నాట్లు, కోతలకు యంత్రాలు వచ్చాయి, తిండి మాత్రం తగ్గలేదు.

మేము ఏమేమి చూస్తాము?

ముందు బరువు, నడుము కొలత. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. మద్యం సంగతి అందరినీ అడుగుతాము, కల్లు కూడా లెక్కే. వాడే మందులన్నీ, పసరు సహా, చెప్పండి. తరువాత షుగరు, కొలెస్ట్రాల్, హెపటైటిస్ బి, సి పరీక్షలు.

కొవ్వు ఉందా అన్నదానికంటే కాలేయం గట్టిపడుతోందా అన్నది ముఖ్యం. ఎస్.జి.పి.టి. మామూలుగా ఉన్నంత మాత్రాన భయం లేదనుకోరాదు. వయస్సు, ఎస్.జి.ఒ.టి., ఎస్.జి.పి.టి., ప్లేట్‌లెట్లు, ఈ నాలుగింటితో డాక్టరుగారు ‘ఫిబ్-4’ అనే లెక్క వేస్తారు. 1.3 కంటే తక్కువైతే ప్రస్తుతానికి ప్రమాదం తక్కువ, కొంతకాలానికి మళ్ళీ చూడాలి. 65 ఏళ్ళు దాటినవారికి ఈ హద్దు 2. 2.67 దాటితే కాలేయ నిపుణుని వద్దకు పంపాలి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ చేయించాలి.

మన సంఘపెద్దకు ఎస్.జి.ఒ.టి. 56, ఎస్.జి.పి.టి. 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు. లెక్క 1.75 వచ్చింది. హైదరాబాదు పంపాము. ఫైబ్రోస్కాన్‌లో కాలేయం ఇంకా గట్టిపడలేదని తేలింది. ఇంకొన్నేళ్ళు ఆ కాగితం బీరువాలోనే ఉంటే ఏమయ్యేదో!

ఏమి చేయాలి?

బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. సన్నబియ్యమైనా దొడ్డుబియ్యమైనా అన్నం తగ్గించి, సగం కంచం కూరగాయలతో నింపండి. కూల్‌డ్రింకులు మానండి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవండి. షుగరు మందులు సొంతంగా ఆపకండి. పసరు జోలికి పోకండి. కళ్ళు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, రక్తపు వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా వెంటనే రండి.

ఆయన 82 కిలోల నుంచి ఆరు నెలల్లో 76కు వచ్చారు. ఇప్పుడు ఆ కాగితాన్ని తానే మందిరంలో చూపించి, మిగతావారిని పరీక్షకు పంపుతున్నారు. మీ ఇంట్లోనూ అటువంటి కాగితం దాచి ఉంటే తీసుకుని రండి. ఇకమీదట మేము ముందుగా అడిగేది, “ఎలా ఉన్నారు?” అని మాత్రమే.