ఫీనిక్స్‌కు జీతాల లెక్క ఎందుకు తప్పింది?

కెనడా కేంద్ర ప్రభుత్వం 2016 ఫిబ్రవరిలో 'ఫీనిక్స్' అనే కొత్త జీతాల సాఫ్ట్‌వేర్‌ను ప్రారంభించింది. కొందరు ఉద్యోగులకు జీతం తక్కువ పడింది, కొందరికి ఎక్కువ పడింది, ఇంకొందరికి అసలు పడనే లేదు. 2017 జూన్ నాటికి 1,50,000 మందికి పైగా ఉద్యోగుల జీతాల సమస్యలు పెండింగ్‌లో ఉన్నాయి. ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో తప్పులు మామూలే కదా అనుకోవచ్చు. కానీ ఇక్కడ కోడ్ కన్నా ముందే దారి తప్పింది నిర్ణయాలు.

పని చిన్నదేమీ కాదు. 101 శాఖలు, సంస్థలు, దాదాపు 2,90,000 మంది ఉద్యోగులు, 80,000కు పైగా జీతాల నిబంధనలు. ఒక్కో నిబంధన విడిగా తేలికే, చిక్కంతా అవి కలిసినప్పుడే. ఒక ఉద్యోగి పై పోస్టులో రెండు నెలలు ఇన్‌ఛార్జిగా ఉండి, మధ్యలో సెలవు పెట్టి, కొంత ఓవర్‌టైమ్ చేశారనుకుందాం. ఆ కాగితాలు ఆలస్యంగా వస్తే, ఇచ్చేసిన జీతాలను కూడా వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కగట్టాలి. డీఏ ఎరియర్ల బిల్లు చేసినవారికి ఈ తలనొప్పి కొత్త కాదు.

2012లో ఐబీఎం దీనికి 27.4 కోట్ల కెనడా డాలర్లు అవుతుందని చెప్పింది. మంజూరైంది 15.5 కోట్లే. ప్రాజెక్టు అధికారులు అదనపు నిధులు అడగలేదు, పనినే కుదించారు. 984 విధుల్లో 100కు పైగా తీసేశారు లేదా వాయిదా వేశారు. అలా పోయినవాటిలో ఎరియర్లను దానంతటదే లెక్కగట్టే విధి కూడా ఒకటి! ఒక శాఖలో ముందుగా నడిపి చూద్దామనుకున్న ప్రయోగాన్నీ రద్దు చేశారు. మొత్తం వ్యవస్థను ఒకేసారి పరీక్షించనే లేదు.

వీటన్నిటికన్నా పెద్ద పొరపాటు మరొకటని నాకనిపిస్తుంది. ఏటా 7 కోట్ల డాలర్లు మిగులుతాయన్న అంచనాతో, 46 శాఖల్లో జీతాలు చూసే సుమారు 1,200 పోస్టులను ముందే తొలగించారు. వాటి స్థానంలో మిరమిషి పట్టణంలోని కొత్త కేంద్రంలో సుమారు 550 మందిని పెట్టారు. నిబంధనల్లో లేని మెలకువలు పాతవారి బుర్రల్లోనే ఉండిపోయాయి. యంత్రం తప్పితే చేత్తో సరిదిద్దే దారి కూడా అక్కడితో మూసుకుపోయింది.

అధికారుల దృష్టి ఫీనిక్స్ చేయాల్సిన పని కన్నా బడ్జెట్, గడువుల మీదే ఉందని ఆడిటర్ జనరల్ 2018 నివేదిక తేల్చింది. ఈలోగా ప్రభుత్వం గాటినోతో పాటు మరికొన్ని చోట్ల తాత్కాలిక జీతాల కార్యాలయాలు తెరిచి, మళ్లీ సిబ్బందిని వెతుక్కోవాల్సి వచ్చింది.