నడుము నొప్పియు, త్యాగరాజ గానమును

నడుము నొప్పి కర్షకునకు చుట్టము వంటిది. నాట్లనాడు, కోతలనాడు, బస్తాలు మోయునాడు పిలువకయే వచ్చును. అది వచ్చినచో కదలక మంచము పట్టి యుండుటయే మందని పూర్వము చెప్పుచుండిరి. నేటి వైద్యులట్లు చెప్పరు. రేయింబవళ్లు పడుకొనియే యున్నచో కండలు బిగిసి, సత్తువ తగ్గి, నొప్పి మరికొంత కాలము నిలుచును. ఓర్చుకొనగలిగినంత కదలుచుండుటయే మేలు.

ఈ యేటి పుష్య బహుళ పంచమినాడు మేమును నడుము పట్టి యింటనే యుండి, తిరువయ్యారున జరుగు త్యాగరాజస్వామి ఆరాధనను దూరదర్శన్‌లో చూచితిమి. 1847లో ఆ మహానుభావుడు సిద్ధిపొందిన కావేరీతీరమున విద్వాంసులు బారులుగ కూర్చుండి, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్న కీర్తనలను ఏకకంఠముగ పాడుదురు. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. తమిళదేశమున మన భాష యట్లు మ్రోగుట విన్నచో ఎంతటి నొప్పియు కొంత మరపునకు వచ్చును.

అయినను, ఒక్క తీరున చాలసేపు కూర్చున్నచో నడుము మరల బిగియును. కావున కీర్తన ముగిసినప్పుడెల్ల లేచి వసారాలో పది యడుగులు వేసితిమి. వీపు వెనుక దిండు పెట్టుకొంటిమి. వేడినీటి కాపడము పెట్టించుకొంటిమి. నాలుగు దినములకు పొలము గట్టున నడువగలిగితిమి.

బస్తా యెత్తునపుడు నడుము వంపక, మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగ పట్టుకొనుడు. కాళ్లలో తిమ్మిరి గాని, బలహీనత గాని కలిగినను, మలమూత్రములు పట్టు తప్పినను కాపడములతో కాలము గడుపక వెంటనే ఆసుపత్రికి పోవలెను.