తుపాకి యొకటి, సంఘ మొకటి

డొంకూరు మొదలు పలాస వరకు ఉద్దానపు తోటలలో ఎలుగుబంటి భయము కొత్త కాదు. 2018లో సోంపేట మండలమున అది మనుష్యుల ప్రాణములనే బలిగొన్నది. పంటను కాచుకొను రైతు గొట్టపు మూతినుండి మందు కూరెడి తుపాకికి లైసెన్సు పొందవచ్చునని 1959 నాటి ఆయుధచట్టము చెప్పుచున్నది. కాని 1972 నాటి వన్యప్రాణి చట్టము ననుసరించి, ప్రాణము మీదికి వచ్చిననే తప్ప ఎలుగును కాల్చరాదు. ఇక ఆ తుపాకి చప్పుడు చేయుటకే! కొడవలివలె అదియు ఒక పనిముట్టు. కొడవలి గలవారు దాని హక్కుల కొరకు సంఘము కట్టుదురా? 2019 నాటి సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకులకు బదులు రెండే చాలునన్నది. ఒక్కటి గల రైతుకు ఆ తగవుతో పనియేమి?

తుపాకిని రాజ్యాంగమే హక్కుగా నొసగిన అమెరికాలో సైతము సంగతి ఇట్లే యున్నది. గురి నేర్పుటకై 1871లో పుట్టిన జాతీయ రైఫిల్ సంఘము కాలక్రమమున శాసనకర్తలపై ఒత్తిడి తెచ్చు బలగమైనది. అయినను 2017లో ప్యూ పరిశోధన సంస్థ విచారింపగా, తుపాకులు గలవారిలో ఇంచుమించు అయిదింట ఒకవంతు మాత్రమే తాము సభ్యులమనిరి.

ఉన్న సభ్యత్వమును వదలుకొన్నవారును గలరు. మాజీ అధ్యక్షుడు పెద్ద బుష్ వేటయందు ఆసక్తి గలవాడు, ఆ సంఘపు ఆజీవ సభ్యుడు. 1995 ఏప్రిల్‌లో ఓక్లహోమా నగరమున బాంబు పేలి 168 మంది మరణించిరి. వారిలో ఒకరు లోగడ బుష్‌కు అంగరక్షకులు. ప్రభుత్వోద్యోగులను దుండగులని నిందించుచు సంఘము విరాళములకై వ్రాసిన లేఖను, ఆ ఘోరము జరిగిన పిమ్మటను సంఘ నాయకులు సమర్థించుకొనిరి. మే నెలలో బుష్ రాజీనామా పంపెను. తుపాకి కలిగియుండుటను గూర్చిన సంఘపు మూలవాదముతో తాను ఏకీభవించినట్లు ఆ లేఖలోనే వ్రాసెను.