వైరాగ్యమా, వ్యాధియా?

ప్రవచనం ముగిసిన తరువాత భక్తులు కొందరు మండపంలో ఆగి ఇంటి కష్టాలు చెప్పుకోవడం మన దేవాలయాలలో పరిపాటి. పలువురు తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్న ఒకటున్నది. "శాస్త్రిగారూ! మావాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆరు మాసాలుగా కాలేజీకి వెళ్ళడు, స్నానం చేయడు, ఎవరితోనూ మాట్లాడడు. ఒంటరిగా కూర్చుని తనలో తాను ఏదో అనుకుంటాడు. వీడికి వైరాగ్యం కలిగిందంటారా?"

కలుగలేదు. సాధన చతుష్టయంలో వివేకాన్ని మొదట చెప్పి, వైరాగ్యాన్ని దాని తరువాతనే చెప్పినారు. నిత్యమేదో అనిత్యమేదో ఎరిగినవాడు తెలిసి విడిచేది వైరాగ్యం. ఈ బాలుడు దేనినీ విడువలేదు. అన్నీ అతని చేతిలోనుండి జారిపోయాయి. వైద్యులు స్కిజోఫ్రేనియా అని పిలిచే వ్యాధి తరచుగా ఇట్లాగే, సద్దు లేకుండా మొదలవుతుంది.

ఆ పేరును 1908లో స్విట్జర్లాండు వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ గ్రీకు మాటలతో కూర్చినాడు. చీలిన మనస్సు అని దాని అర్థం. అందువల్ల ఒకే దేహంలో ఇద్దరు మనుషులుండటమే ఈ వ్యాధి అని సినిమాలు చూసి అనుకునేవారున్నారు. అది వేరు. ఇందులో ఆలోచనకు, అనుభూతికి, ఇంద్రియజ్ఞానానికి మధ్య పొందిక చెడుతుంది. పలికేవారు లేకుండానే మాటలు వినబడతాయి. పొరుగువారు కుట్ర పన్నుతున్నారని, టీవీలో తన గురించే చెబుతున్నారని గట్టి నమ్మకం ఏర్పడుతుంది. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎక్కువగా యౌవనంలోనే బయటపడుతుంది.

చరక సంహిత నిదానస్థానం 7వ అధ్యాయం ఉన్మాదాన్ని నిర్వచిస్తూ మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానం, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం అనే ఎనిమిదీ చెదరడమని చెప్పింది. ఉన్మాదమనే మాట స్కిజోఫ్రేనియా కంటె విశాలమైనది. రెండూ ఒకటేనని నేననను. కాని ఆ వరుసలో 'భక్తి' వద్ద కొంచెం ఆగాలి. అక్కడ దానికి దైవభక్తి అని కాదు, ఇచ్ఛ అని అర్థం. ఇష్టమైన కూర మీద, స్నేహితుని మీద, ఆట మీద ఉన్న ఇష్టం ఆరిపోవడమన్నమాట. ఇంటివారు దీనినే సోమరితనమని తిడతారు, లేదా వైరాగ్యమని మురుస్తారు. రెండు విధాలా వైద్యం ఆలస్యమవుతుంది. వినబడే గొంతులు మందులకు చాలామందిలో తగ్గుతాయి; ఈ ఇచ్ఛాలోపం అంత సులభంగా లొంగదు.

రోగానికి దేవతలను, పితరులను, రాక్షసులను నిందించరాదని కూడా ఆ అధ్యాయమే చెబుతున్నది. తల్లి పెంపకాన్ని నిందించడమూ తగదు. వంశపారంపర్యం, మెదడులోని రసాయనాల తీరు దీనికి మూలమని నేటి వైద్యం చెప్పే మాట. గంజాయి ముప్పును పెంచుతుంది.

1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును వాడటంతో చికిత్స మారిపోయింది. అంతకు ముందే, 1931లో, కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ మన సర్పగంధ వేరు ఉన్మాదంలో పనిచేస్తుందని ప్రకటించినారు. ఇది చదివి ఎవరూ వేరు నూరి త్రాగించవద్దు. అది రక్తపోటును బాగా తగ్గిస్తుంది, మనస్సును క్రుంగదీయవచ్చు. నేడు అంతకంటె మేలైన మందులున్నాయి.

నన్ను ఎక్కువగా బాధించే విషయం మందులు ఆపించడం. ఒక తల్లి కుమారునికి మండల దీక్ష ఇప్పించి, దీక్షలో మాత్రలు కూడదని మాన్పించింది. మూడవ వారానికి ఆ పిల్లవాడు అన్నంలో విషం కలిపారని తిండి మానివేశాడు. వ్రతభంగం చేయనివి ఎనిమిది అని ధర్మశాస్త్రం లెక్కించింది. నీరు, పాలు, పండ్లతో పాటు ఔషధం కూడా వాటిలో ఉన్నది. ఉపవాసం రోజున మాత్ర వేసుకుంటే ఏ దోషమూ లేదు. మాత్రలు తగ్గించాలన్నా మార్చాలన్నా వైద్యుడే చెప్పాలి.

గుడిలో ఉంచితే నయమవుతుందని గొలుసుతో కట్టివేసేవారికి ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మనోరోగులు మరణించారు. ఈ అలవాటు ఏ ఒక్క మతానిదీ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుతో బంధించడాన్ని నిషేధించింది.

గొంతులు వినబడుతున్నాయని చెప్పేవానితో "అదంతా నీ భ్రమ" అని వాదించవద్దు, అవునని ఒప్పుకోనూ వద్దు. "నాకు వినబడటం లేదు నాయనా, నీకు భయంగా ఉన్నదని మాత్రం తెలుస్తున్నది" అంటే చాలు. ఎక్కడికి వెళ్ళాలో తోచనివారు 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

దర్శనానికి రోగిని తీసుకువచ్చేవారు మాత్రలను చేతిసంచిలోనే ఉంచుకోవాలి. నిద్ర చెడితే వ్యాధి రేగుతుంది. కనుక రాత్రి ప్రయాణం, వేకువజాము సేవ మాని, రద్దీ తక్కువగా ఉండే రోజున పగటిపూట రావడం మంచిది.