బాణం గుర్తు చూసి డబ్బులు ఇచ్చేయకండి: పాత బ్రిటిష్ ఆర్మీ బండ్ల టూల్స్

రెండో ప్రపంచ యుద్ధం నాటి బెడ్‌ఫోర్డ్ లారీలు, ఆ తర్వాత వచ్చిన ల్యాండ్ రోవర్లు, జీపులా ఉండే ఆస్టిన్ చాంప్‌లు... బ్రిటన్‌లో వీటిని కొని, బాగుచేసి, ఇప్పటికీ నడిపేవాళ్లు ఉన్నారు. కానీ వాళ్ల లెక్కలో బండి ఒక్కటే ఉంటే అది సగమే. ఆర్మీ ఇచ్చిన స్పానర్లు, జాకీ, గ్రీజు గన్, పార, గొడ్డలి, పెట్రోల్ క్యాన్ కూడా ఉండాలి. ఇవి కొనేటప్పుడు ఏం చూడాలి, ఎక్కడ మోసపోతాం అనేది ఈరోజు మాట్లాడుకుందాం.

ఫస్ట్ చూడాల్సింది లిస్ట్. బండితో పాటు ఏ సామాను ఎన్ని ఉండాలో ఆర్మీ జాబితా రాసి పెట్టేది. తర్వాతి రోజుల్లో దీని పేరు కంప్లీట్ ఎక్విప్‌మెంట్ షెడ్యూల్, అంటే సీఈఎస్. మన ప్రాజెక్టుకి ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ కావాలో ఒక ఫైల్లో రాసుకుంటాం కదా, అలాంటిదే. మీ మోడల్ లిస్ట్ దొరక్కముందే షాపింగ్ మొదలుపెడితే ఇంట్లో ఇనుప సామాను పెరుగుతుంది, సెట్ మాత్రం పూర్తవదు.

రెండోది సైజు. అసలు తలనొప్పి ఇక్కడే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ బోల్ట్ మరలకి ఒక ప్రమాణం ప్రతిపాదించారు. యుద్ధకాలం బ్రిటిష్ బండ్లలో ఎక్కువగా కనిపించేవి ఆ విట్‌వర్త్, దాని తమ్ముడు బీఎస్ఎఫ్ మరలే. ఈ స్పానర్ మీద పావు అంగుళం అని ఉంటే అది స్పానర్ నోటి కొలత కాదు, బోల్ట్ మర వ్యాసం! పావు అంగుళం అంటే 6.35 మి.మీ. కానీ ఆ స్పానర్ నోరు దాదాపు 13.3 మి.మీ. ఉంటుంది. మన 13 స్పానర్ అందులో దూరదు, 14 పెడితే లూజు. గట్టిగా తిప్పారా, బోల్ట్ మూలలు అరిగి రౌండ్ అయిపోతుంది. ఎనభై ఏళ్ల బోల్ట్‌కి స్పేర్ వెంటనే ఎక్కడ తెస్తారు? పాత బుల్లెట్ విప్పే మన మెకానిక్‌లని అడగండి, ఈ బాధ వాళ్లకీ తెలుసు.

1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి యూనిఫైడ్ అనే ఉమ్మడి మరలకి ఒప్పుకున్నాయి. యుద్ధంలో ఒకరి బోల్ట్ ఇంకొకరి నట్‌కి పట్టక పడ్డ ఇబ్బందే దానికి కారణం. కాబట్టి బండి ఏ సంవత్సరానిది, ఏ మరలు ఉన్నాయి అని చూసుకునే సెట్ కొనండి.

మూడోది బాణం గుర్తు. కాకి కాలు అచ్చులా ఉండే ఈ ముద్ర బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు. అనుమతి లేకుండా వేస్తే నేరమని 1875లోనే చట్టం చేశారు. సి అక్షరం లోపల బాణం ఉంటే కెనడా, బాణం కింద ఐ ఉంటే మన ఇండియా సామాను. ఈ గుర్తుంటే రేటు పెరుగుతుంది కాబట్టి మామూలు స్పానర్ మీద కొత్తగా కొట్టి అమ్మేవాళ్లూ ఉంటారు. చుట్టూ ఇనుము అరిగిపోయి, ముద్ర అంచులు మాత్రం పదునుగా మెరుస్తుంటే అనుమానించండి. ఇంకోటి, నిజమైన బాణం అయినా అది ప్రభుత్వానిదనే చెబుతుంది, మీ బండిదే అని కాదు.

నాలుగోది సంవత్సరం. బ్రిటిష్ వాళ్ల పాత నాలుగు గ్యాలన్ల రేకు డబ్బాలు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో తెగ కారిపోయేవి. అందుకే జర్మన్ల 20 లీటర్ల క్యాన్‌ని కాపీ కొట్టారు. దాని పేరే జెర్రీక్యాన్. వీటి మీద సంవత్సరం అచ్చు ఉంటుంది. 1943 బండికి 1952 క్యాన్ తగిలిస్తే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

చివరిగా, తుప్పు వదిలించాలని గ్రైండర్ పెట్టకండి. తుప్పుతో పాటు ముద్ర, తేదీ కూడా పోతాయి. కిరోసిన్, వైర్ బ్రష్, ఓపిక చాలు. పాత జాకీని చూపించుకోవడానికి ఉంచుకోండి. బండి కింద దూరాలంటే మాత్రం కొత్త స్టాండ్లే పెట్టండి, ప్రాణం ముఖ్యం కదా.

మీ ఇంట్లో తాతల కాలం స్పానర్ ఉంటే ఒకసారి తుడిచి చూడండి. ఏ ముద్ర కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!