గోదావరి తొలి పట్టణము నాసిక్: ద్రాక్షతోటలు, గుహాశాసనములు

గోదావరి యనగానే తెలుగువానికి రాజమహేంద్రవరపు వంతెన, ధవళేశ్వరపు ఆనకట్ట కన్నులకు కట్టును. ఆ నది 1,465 కిలోమీటర్ల ప్రయాణములో చూచు మొదటి పెద్ద పట్టణము మాత్రము నాసిక్. అరేబియా సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున పుట్టియు, దగ్గరనున్న ఆ కడలికి వీపు చూపి, దక్కను పీఠభూమిని అడ్డముగా దాటి, యానాము నొరసికొని బంగాళాఖాతమున కలియు నది యిది. మహారాష్ట్రమున తరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ నది తల యింటికి దగ్గర; తోక పూర్వుల యూరికి దగ్గర.

నాసిక్‌కు నేడు మూడు తెరగుల యాత్రికులు వచ్చుచున్నారు. స్నానమునకు వచ్చువారు రామకుండమునుండియే మరలిపోవుదురు. ద్రాక్షతోటలకు వచ్చువారు సాయంకాలపు చల్లగాలిలో నాలుగు గుక్కలు రుచి చూచి పోవుదురు. గుహలలోని శాసనములు చదువవచ్చువారు మిక్కిలి తక్కువ. తెలుగువారు నాసిక్‌కు వెళ్ళి మూడవ పని చేయక వచ్చుట తగదు. అయితే ఆ గుహలలో తమదేది, తమది కానిదేది యన్న వివేకముతో చదువవలెను.

ప్రయాణము త్ర్యంబకమునుండి ఆరంభించుట మేలు. అది నాసిక్‌కు పడమట సుమారు 28 కిలోమీటర్లు. బ్రహ్మగిరి మీద నది పుట్టుకను చూపుదురు; క్రింద కుశావర్తమున స్నానము చేయుదురు. నల్లరాతితో నేడు కనిపించు త్ర్యంబకేశ్వరాలయము పీష్వా బాలాజీ బాజీరావు కాలమున పునర్నిర్మాణము నారంభించినది. గౌతమ మహర్షి తపమున నది దిగివచ్చినదని స్థలపురాణము. కావుననే తెలుగునాట డెల్టాలో తూర్పుపాయకు గౌతమి యని పేరు. యానామువారు నిత్యము పలుకు నదిపేరునకు కథ ఈ కొండమీద నున్నదన్నమాట. భారతీయ చలనచిత్రమునకు ఆద్యుడైన దాదాసాహెబ్ ఫాల్కే జన్మించినదియు త్ర్యంబకముననే, 1870లో.

త్ర్యంబకమునుండి దిగివచ్చు త్రోవకు ఉత్తరముగా గంగాపూరు జలాశయము, దాని చుట్టును ద్రాక్షతోటలు కలవు. నాసిక్ జిల్లాలో తినుటకైన ద్రాక్ష పాతపంట. వైను ద్రాక్ష కొత్తపంట. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి తిరిగివచ్చిన రాజీవ్ సామంత్, తల్లి సులభ పేరునుండి ‘సులా’ యని నామకరణము చేసి 1999లో సంస్థను స్థాపించెను. మొదటి సీసాలు 2000లో వెలువడినవి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వము ద్రాక్షను వైనుగా మార్చు పరిశ్రమకు ప్రత్యేక విధానము ప్రకటించుటతో దిండోరి మొదలైన ప్రాంతములలో మరికొన్ని సంస్థలు వెలసినవి. ‘నాసిక్ వ్యాలీ వైన్’ అను పేరునకు భౌగోళిక గుర్తింపును లభించినది.

ఇచ్చటి సేద్యమున తెలిసికొనదగిన విశేషము కత్తెరపని. శీతలదేశములలో ద్రాక్షతీగ చలికాలమున ఆకురాల్చి నిద్రించును. వసంతమున చిగిర్చి సెప్టెంబరు, అక్టోబరులలో కోతకు వచ్చును. నాసిక్ తీగకు అట్టి నిద్ర లేదు. దాని మానాన దానిని వదలినచో ఏడాది పొడుగునను పెరుగుచునే యుండి, కాచిన కాపు వానలపాలై కుళ్ళును. కావున రైతు కత్తెరతో ఋతువును కల్పించును. కోత ముగిసిన పిదప, ఏప్రిల్‌లో, రెమ్మలను ఒకటి రెండు కణుపుల మేరకు మిగిల్చి కొట్టివేయును. దీనిని మరాఠీలో ఖరడ్ ఛాటణీ యందురు. ఎండలలో పుట్టు కొత్తరెమ్మల మొగ్గలలోనే రాబోవు కాపు లోలోపల రూపు కట్టుకొనును. వానలు వెనుకపట్టిన తరువాత, సెప్టెంబరు అక్టోబరు నెలలలో, రెండవ కత్తిరింపు. దీనిపేరు గోడీ ఛాటణీ. గోడీ యనగా తీపి. అప్పుడు వచ్చిన చిగురే పూచి, కాచి, చలిరాత్రులలో పులుపును నిలుపుకొని, పగటి యెండలో తీపిని కూర్చుకొని, జనవరి మార్చి నెలల నడుమ కోతకు వచ్చును. ఏటికి రెండు కత్తిరింపులు, ఒక్క కాపు. సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నుండుటచేతనే ఈ ఉపాయము ఇచ్చట ఇంతగా ఫలించినది.

తినెడు ద్రాక్షకును వైను ద్రాక్షకును భేదము పెద్దది. ఒకప్పుడు హైదరాబాదు పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష, 1890 ప్రాంతమున ఆ నగరమునకు వచ్చినది, గుత్తి నిండుగా పెద్దపండ్లతో నోరూరించు రకము. వైనుకు పనికివచ్చు షెనాన్ బ్లాంక్, షిరాజ్ వంటి రకముల పండు చిన్నది, గింజ గలది, తోలు మందము. రంగును వగరును ఆ తోలులోనే యుండును. తెల్లవైనుకు పండును పిండి, తోలు తీసివేసి, రసమును ఉక్కుతొట్లలో చల్లగా నుంచి పులియబెట్టుదురు. ఎఱ్ఱవైనుకు తోలుతో కూడ, కొంత వెచ్చగా, పులియనిత్తురు. పిండిచెక్కలోని కల్లుబుడ్డివలె రసమునందలి చక్కెరను తినివేసి మద్యముగా మార్చునది యిచ్చటను ఈస్టు అను సూక్ష్మజీవియే.

ఇచ్చట మాటను గూర్చి యొక మాట. పాత తెలుగు పుస్తకములలో దీనిని ద్రాక్షసారా యనిరి. సారా కాచి దించునది. వైను కాచునది కాదు, పులియునది. కల్లునకు సారాకు ఉన్నంత దూరము వైనుకు బ్రాందీకి కలదు. తెలుగునాట ‘వైన్స్’ అని బోర్డు కట్టిన దుకాణములో దొరకునది చాలవరకు విస్కీయు బ్రాందీయునే! ఇక ద్రాక్షారామము పేరు విని గోదావరి కొసయందును ద్రాక్షతోటలు ఉండెనని భ్రమించువారు కలరు. అది దక్షుని పేర వెలసిన దక్షారామము; పండునకు దానికి సంబంధము లేదు.

పట్టణములో పంచవటి, రామకుండము ఎల్లరకు తెలిసినవే. శూర్పణఖ నాసిక కోయబడిన చోటు గనుక నాసిక్ అయినదని జనవాక్యము. బృహస్పతి సింహరాశిని ప్రవేశించినపుడు ఇచ్చట సింహస్థ కుంభమేళ, తెలుగునాట గోదావరి పుష్కరములు. రెండింటికిని పంచాంగ కారణ మొక్కటే. 2015లో అట్లు వచ్చినవి. మరల 2027లో వచ్చును. కాలారామ మందిరమును చూచువారు దాని నల్లరాతి పనితనముతోపాటు 1930 మార్చి 2న డాక్టర్ అంబేద్కర్ నాయకత్వమున దాని వాకిట ఆరంభమైన ఆలయప్రవేశ సత్యాగ్రహమును కూడ తలచుకొనవలెను.

పట్టణమునకు దక్షిణముగా సుమారు 8 కిలోమీటర్ల దూరమున, ముంబయి ఆగ్రా రహదారి ప్రక్కనే, త్రిరశ్మి కొండ కలదు. శాసనములలో దీనిపేరు తిరణ్హు. మెట్లెక్కగా 24 గుహలు వరుసగా కనిపించును. జనులు పాండవలేణి యందురు గాని పాండవులకు వీటితో పనిలేదు. బౌద్ధ భిక్షువుల వానకాలపు నివాసములు. 19వ గుహ చిన్నది, మిక్కిలి పాతది. శాతవాహన రాజైన కృష్ణుని కాలమున నాసిక్ మహామాత్రుడు దానిని చేయించెను.

10వ గుహ క్షహరాత నహపానుని అల్లుడు ఉషవదాతునిది. అందలి దానశాసనము ఈనాటి బ్యాంకి పత్రమువలె నుండును. అతడు 3,000 కార్షాపణములను గోవర్ధనమునందలి సాలెవారి శ్రేణులలో నిక్షేపించెను. 2,000 ఒక శ్రేణికి, నెలకు నూటికి ఒకటి వడ్డీ. 1,000 మరియొక శ్రేణికి, నూటికి ముప్పాతిక. అసలు తిరిగి తీయరాదు, వడ్డీయే వాడుకొనవలెను. లెక్క చూడుడు: 2,000కు నెలకు 20, ఏటికి 240. వానకాలము గడపు ఇరువదిమంది భిక్షువులకు వస్త్రముల నిమిత్తము తలకు 12 చొప్పున సరిగా 240! షోలాపురమునందలి తెలుగు పద్మశాలీల పిల్లలకు ఈ లెక్కను బడిలో చేయించిన ఉత్సాహము కలుగును. అయితే ఆ సాలెవారు మాటలాడిన భాష యేదో శాసనము చెప్పదు. వారిని తెలుగువారనుటకు ఆధారము లేదు.

నహపానుని ఏలుబడిని ఎఱిగిన ‘పెరిప్లస్’ అను గ్రీకు నావికగ్రంథము, బరుగజమను రేవులో దిగు సరకులలో మొదట వైనునే పేర్కొనినది. ఇటలీ వైనుకు అచ్చట గిరాకి యెక్కువట. అనగా రెండువేల యేండ్లకు పూర్వము వైను ఓడలో పడమటినుండి వచ్చెడిది. నేడు ఈ నేలనే పండుచున్నది.

3వ గుహ వసారాలో గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి బాలశ్రీ వ్రాయించిన ప్రశస్తి కలదు. కాలము ఆమె మనుమడు పుళుమావి యేలుబడిలో 19వ సంవత్సరము; కొడుకు అప్పటికే గతించెను. క్షహరాతులను నిర్మూలించి శాతవాహన కులమునకు కీర్తిని మరల నిలిపినవాడని ఆ తల్లి చెప్పించినది. ఈ విజయమునకు సాక్ష్యము 1906లో ఇదే జిల్లాలోని జోగల్‌తెంభి గ్రామమున దొరకినది: నహపానుని వెండినాణెములు 13 వేలకు పైగా, వాటిలో మూడింట రెండు వంతులకు మించి గౌతమీపుత్రుడు తన ముద్ర తిరుగ గొట్టించినవి. ఇదే గుహలోని మరి రెండు శాసనములు ఇంకను ముచ్చటైనవి. రాజు 18వ యేట భిక్షువులకు కాఖడి గ్రామమున 200 నివర్తనముల భూమి నిచ్చెను. 24వ యేట మరల ఆజ్ఞ: ఆ పొలము దున్నబడుట లేదు, ఆ యూర జనులు లేరు, కావున పట్టణపు సరిహద్దునగల రాజభూమినుండి 100 నివర్తనములు ఇచ్చునది. ఈ రెండవ ఆజ్ఞలో తల్లి పేరును కలదు. బంజరైన దానమును గుర్తించి దిద్దిన పాలన యిది.

ఇక తెలుగువారి పాలు. పురాణములు ఈ వంశమును ఆంధ్రులనినవి. గోదావరి తీరముననే, తెలంగాణమునందలి కోటిలింగాలలో, ఈ వంశ మూలపురుషుడైన చిముకుని నాణెములు దొరకినవి. ఇవి గట్టి ఆధారములు. కాని బాలశ్రీ శాసనభాష ప్రాకృతము, తెలుగు కాదు. అందు కొడుకు ఏలిన దేశములుగా అసిక, అసక, ములక, సురఠ, కుకుర, అపరాంత, అనూప, విదభ, ఆకరావంతులను చెప్పినదే గాని ఆంధ్రము పేరు లేదు. పర్వతముల వరుసలో మాత్రము ‘మహిద’, అనగా మహేంద్రము, కలదు; ఒడిషాలోని తెలుగువారు దినమును చూచు కొండ యది. మరియొకటి: గౌతమి యనునది బాలశ్రీకి గోత్రమునుబట్టి వచ్చిన పేరు, నదిపేరు కాదు. సభలలో ఈ రెంటిని కలిపి ఉపన్యసించుట పరిపాటియైనది. మరాఠీ పొరుగువారు పైఠణు తమదందురు; అదియు నిజమే. ఒకే వంశము ఇరుభాషలవారికి పూర్వచరిత్ర యగుటలో చిక్కు లేదు. మహారాష్ట్రమున పుట్టి పెరిగిన తెలుగు బాలుని ‘నీవెక్కడివాడవు’ అని యడిగినపుడు, తాతలు నాసిక్‌ను ఏలిరని గొప్ప చెప్పుటకంటె, శాసనములో ఏమి యున్నదో చదివి చెప్పగలుగుట వానికి ఎక్కువ బలము.

పాఠశాలలవారు పిల్లలను తీసికొనిపోవుటకు జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలము. తోటలలో కోత కనిపించును. రుచిశాలలు పెద్దలకే గనుక పిల్లలకు తీగలు, తొట్లు చూపిన చాలును. ముంబయినుండి దూరము సుమారు 170 కిలోమీటర్లు. గుహలకు ఉదయమే వెళ్ళవలెను. మెట్లు ఎండకు వేడెక్కును. 3వ గుహ వసారాగోడ యెదుట నిలిచి, బ్రాహ్మీ అక్షరముల పట్టిక నొకదానిని చేతబట్టుకొనిన పిల్లలు, కొంచెము సాయముతో, ‘గోతమి’ యను మాటను తామే కూడబలుక గలరు.