గజనీ నుంచి వచ్చిన విద్యార్థి

ఆ మధ్య ఒకనాడు తరగతిలో పర్యాయపదాలు చెబుతున్నాను. నీటికి జలమనీ, సలిలమనీ, ఉదకమనీ, తోయమనీ వరసగా చెప్పుకుంటూ పోతూంటే, వెనుక బల్లమీది కుర్రవాడొకడు లేచి, "దాహం వేస్తే తాగేది ఒక్క నీరే గదా మాస్టారూ, దానికి ఇన్ని పేర్లెందుకండీ?" అన్నాడు. తరగతంతా గొల్లుమన్నది. కోపం రావలసిన మాటే గాని నాకు రాలేదు. వెయ్యేళ్ళ క్రిందట ఇదే మొర పెట్టుకున్న మహానుభావుడొకాయన జ్ఞాపకం వచ్చాడు. ఆయన పేరు అల్‌బెరూనీ.

గజనీ మహమ్మదును ఎరుగని వాళ్ళు మనలో లేరు. చిన్న తరగతుల నుంచీ ఆయన దండయాత్రలు వల్లె వేసిన వాళ్ళమే. కాని ఆ మహమ్మదు కొలువులోనే ఉంటూ, కత్తికి బదులు కలం పట్టుకొని, మన శాస్త్రాలు మన భాషలోనే చదువుకుందామని వచ్చిన మనిషి ఒకడున్నాడని చాలామందికి తెలియదు. నేను కూడా ఎమ్మే చదివిన చాలా ఏళ్ళకు గాని, జర్మన్ పండితుడు సఖావ్ 1888లో వెలువరించిన ఇంగ్లీషు అనువాదం తెరవలేదు. తెరచిన తరువాత వారం రోజులు మరో పని చేయలేదు.

అల్‌బెరూనీ 973లో ఖ్వారెజ్మ్‌లో పుట్టాడు. ఆ చోటు నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నది. చిన్నతనంలో వాళ్ళ ఊరికి గ్రీకు దేశస్థుడొకడు వస్తే, ఈ పిల్లవాడు గింజలూ, విత్తులూ, పండ్లూ పట్టుకు వెళ్ళి, "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగి వ్రాసుకునేవాడట. ఆ అలవాటు ముసలితనం దాకా పోలేదు. వయస్సులో ఉండగానే, తనకంటె ఏడేళ్ళు చిన్నవాడైన ఇబ్న్ సీనాతో అరిస్టాటిల్ సిద్ధాంతాలమీద ఉత్తరాల్లో వాదం నడిపాడు. ఈ ఇబ్న్ సీనా వ్రాసిన వైద్యగ్రంథమే తరువాత 17వ శతాబ్దం దాకా ఐరోపా వైద్య విద్యాలయాల్లో పాఠ్యపుస్తకమై కూర్చున్నది.

1017లో మహమ్మదు ఖ్వారెజ్మ్‌ను జయించాడు. ఇబ్న్ సీనా అంతకు ముందే పడమటికి జారుకున్నాడు. అల్‌బెరూనీ మాత్రం గజనీకి వెళ్ళక తప్పలేదు. బందీగా వెళ్ళాడో, ఆస్థాన పండితుడుగా వెళ్ళాడో, రెండూ కలిసిన స్థితో మరి. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు. ఆ వయస్సులో సంస్కృతానికి అక్షరాభ్యాసం! ఆ వయస్సే ఉన్న నేను, ఇంట్లో పిల్లల హిందీ వాచకం చూసి ఇక మనవల్ల కాదని ప్రక్కన పెట్టిన వాణ్ణి గనుక, ఈ మాట వ్రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది.

నేర్చుకోవడం సులువు కాలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఒక వస్తువుకు బోలెడు పేర్లు, ఒక పేరుకు బోలెడు అర్థాలు. ఇది ఆ భాషవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు గాని, నిజానికి లోపమేనని ఆయన అభిప్రాయం. మా వెనుక బల్ల కుర్రవాడు సంతోషించవలసిన మాట! వ్రాతగాళ్ళ అజాగ్రత్తవల్ల ఒకటి రెండు ప్రతులు తిరిగేసరికి గ్రంథం గుర్తుపట్టలేకుండా పోతుందన్నాడు. అన్నిటికీ మించి, శాస్త్రాలన్నీ శ్లోకాల్లో వ్రాయడమేమిటని విసుక్కున్నాడు. ఛందస్సు నిలపడానికి అక్కరలేని మాటలు జొప్పించక తప్పదనీ, దానితో అర్థం మసకబారుతుందనీ ఆయన బాధ. పాదపూరణకోసం పడే పాట్లు పద్యం కట్టినవాళ్ళకు ఒకరు చెప్పాలా? తమాషా ఏమంటే, ఇంత విసుక్కున్న ఆయనే యూక్లిడ్ రేఖాగణితాన్నీ, టాలెమీ ఖగోళగ్రంథాన్నీ మన పండితుల కోసం సంస్కృత శ్లోకాల్లో పెట్టడానికి కూర్చున్నాడు. పతంజలి యోగసూత్రాలను అరబ్బీలోకి దించాడు. ఆ అనువాదం ఇస్తాంబుల్‌లో బయటపడగా, 1956లో అచ్చయింది.

మొదట పండితుల దగ్గర శిష్యుడివలె నిలబడ్డాడు. కొన్నాళ్ళకు ఆయనే ఖగోళంలో కార్యకారణాలు విడమరచి చెబుతూంటే, ఏ హిందూ గురువు దగ్గర నేర్చావని వాళ్ళు అడిగారట. కొందరు మంత్రగాడనుకున్నారు. మరికొందరు విద్యాసముద్రమన్నారు.

ఆ చదువు ఫలితమే 1030లో పూర్తి చేసిన గ్రంథం. ఎనభై అధ్యాయాలు. దేవుడు, కర్మ, తూకాలు, తిథులు, గ్రహణాలు, పెండ్లిళ్ళు, ఉపవాసాలు, అన్నీ ఉన్నాయి. తన మతం వేరని ఎక్కడా దాచలేదు. మెచ్చినచోట మెచ్చాడు, నచ్చనిచోట మొగమాటం లేకుండా చెప్పాడు. మన గణితగ్రంథాల్లో ముత్యాలూ పేడా ఒకే కుప్పలో ఉన్నాయన్నాడు. చదివి ఉలిక్కిపడ్డాను గాని, ముత్యాలున్నాయని వెయ్యేళ్ళ క్రితం పరాయివాడు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. గ్రహణానికి కారణం భూచ్ఛాయ అని తెలిసికూడా బ్రహ్మగుప్తుడు రాహువు కథను ఎందుకు వెనకేసుకొచ్చాడని నిలదీశాడు. మళ్ళీ తనే, పాపం సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందని భయపడ్డాడు కాబోలునని జాలిపడ్డాడు. ఈనాటి హిందువులు బయటివాళ్ళ విద్యను ఒప్పుకోరు గాని, వీళ్ళ పూర్వులు ఇలా లేరనీ, మ్లేచ్ఛులైనా యవనులు శాస్త్రజ్ఞులు గనుక గౌరవించాలని వరాహమిహిరుడే చెప్పాడనీ ఎత్తిచూపాడు.

పరాయివాళ్ళను విమర్శించడం ఎవరైనా చేస్తారు. ఆయన తన ప్రభువును కూడా వదలలేదు. మహమ్మదు ఈ దేశపు సంపదను నాశనం చేశాడనీ, జనం ధూళివలె చెదరిపోయారనీ, అందుకే వాళ్ళకు ముస్లిములంటే అంత ద్వేషమనీ, విద్యలు కాశ్మీరానికీ కాశీకీ పారిపోయాయనీ అదే పుస్తకంలో వ్రాశాడు. గజనీలో, ఆ రాజవంశపు నీడన బ్రతుకుతూ వ్రాసిన మాటలివి.

ఆయన దక్షిణాదికి రాలేదు. పంజాబు ప్రాంతాలే చూశాడు. అయినా ఈ దేశపు లిపుల జాబితా వ్రాస్తూ నాగరి, కర్ణాట, ద్రావిడి అక్షరాలతోపాటు 'ఆంధ్రి' అనే లిపిని పేర్కొని, అది ఆంధ్రదేశంలో వాడుకలో ఉన్నదన్నాడు. దక్షిణాదివాళ్ళు తాటాకులకు బెజ్జం చేసి, త్రాడు దూర్చి పుస్తకంగా కడతారని కూడా వర్ణించాడు. ఆ పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న కాలమది. ఆదికవి నన్నయ కాలం. ఎక్కడో గజనీలో కూర్చున్న ఒక ముస్లిం పండితుడి కాగితం మీద మన లిపి పేరు పడింది!

ఇక ఆయన భూమిని కొలిచిన కథ. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు బాగ్దాదు ఖలీఫా మామూన్ ఆజ్ఞతో పండితులు ఎడారిలో నేరుగా ఉత్తరానికీ దక్షిణానికీ నడుస్తూ, ధ్రువం ఎత్తు ఒక డిగ్రీ మారేదాకా దూరం కొలిచారు. అల్‌బెరూనీకి అంత బలగమేదీ? నేటి పాకిస్తాను పంజాబులోని ఉప్పుకొండల వరసలో నందన అనే కోట ఉన్నది. దాని దగ్గర ఒక కొండ, కొండ ముందు చదునైన మైదానం. క్రింద రెండు చోట్ల నిలబడి శిఖరం వైపు కోణాలు చూసి, కొండ ఎత్తు సుమారు 652 మూరలని తేల్చాడు. తరువాత పైకెక్కి, ఆకాశం నేలను తాకే గీత కంటిమట్టానికి ఎంత దిగువగా ఉన్నదో చూశాడు. భూమి బల్లపరుపు కాదు గనుక, ఎత్తుకు పోయినకొద్దీ ఆ గీత క్రిందికి వాలుతుంది. వాలింది 34 నిమిషాల కోణం, అంటే పున్నమి చంద్రుని వెడల్పుకన్న రవంత ఎక్కువ. ఈ రెండు అంకెలతో, కాస్త త్రికోణమితితో భూవ్యాసార్ధం కోటీ ఇరవై ఎనిమిది లక్షల మూరలని లెక్క కట్టాడు. మూర అర మీటరనుకుంటే 6,400 కిలోమీటర్లు. నేటి లెక్క 6,371. అయితే ఆనాటి మూర కచ్చితంగా ఎంతో ఖాయంగా చెప్పలేము. గాలిలో వెలుగు వంగడంవల్ల కోణమూ కొంచెం తప్పుతుంది. అందుచేత అంకె కుదిరిందని చంకలు కొట్టుకోవడంకంటె, ఒక్క మనిషి, ఒక్క కొండతో ఆ పని చేయవచ్చునని కనిపెట్టడమే నాకు గొప్పగా తోస్తుంది.

బంగారం, పాదరసం, కెంపు, పచ్చ మొదలైనవాటిని ముక్కు ఉన్న నీటిపాత్రలో వేసి, పొర్లిన నీటిని తూచి, వాటి సాంద్రతలు నిర్ణయించిన పని మరొకటి. కల్తీ పట్టేవాళ్ళకు ఉపయోగపడేదే.

ఎనభై ఏళ్ళ ప్రాయంలో, చూపు మందగించిన తరువాత, మందుల మొక్కలమీద చివరి గ్రంథానికి పూనుకున్నాడు. ఒక్కొక్క మొక్కకు గ్రీకులో ఏమంటారు, పారసీకంలో ఏమంటారు, హిందూదేశంలో ఏమంటారు అని వరసగా పేర్లు. పేరు పొరబడితే మందు పొరబడుతుంది గదా! గింజలు పట్టుకొని గ్రీకువాడి వెంట తిరిగిన పిల్లవాడి పనే అది.

ఆయన ఆఖరి గడియలను గురించి ఒక కథ ఉన్నది. చూడవచ్చిన న్యాయపండితుడిని, మాతామహికి వచ్చే వారసత్వపు వాటా లెక్క మొన్న ఏదో చెప్పావు, మళ్ళీ చెప్పమన్నాడట. ఈ స్థితిలో ఎందుకని ఆయన నొచ్చుకుంటే, తెలియకుండా పోవడంకంటె తెలిసి పోవడం మేలు కాదా అన్నాడట. పండితుడు విడమరచి చెప్పాడు. అల్‌బెరూనీ అప్పగించాడు. సెలవు తీసుకొని పండితుడు వీథిలో నాలుగడుగులు వేశాడో లేదో, వెనుక ఆ ఇంట్లోనుంచి ఏడుపులు వినిపించాయి.